పక్క గది పిల్ల

"నీ ప్రాణస్నేహితురాలిని చూపిస్తావా, నన్నే వెతుక్కోమంటావా?" హాస్టల్ గదిలో సంచి దింపీ దింపకముందే నడుం మీద చేతులేసుకుని నిలదీసింది చెల్లెలు.

అక్క ఆ సంచి అందుకుని మంచం కిందికి తోసింది. చూపించడానికి ఆ స్నేహితురాలుంటేగా! ఒంటరిగా తింటున్నానంటే ఇంటి దగ్గర అమ్మకు ముద్ద దిగదని, యూనివర్సిటీలో చేరిన కొత్తలో ఫోనులో ఓ చిన్న అబద్ధం ఆడింది. "నాకో స్నేహితురాలు దొరికిందమ్మా, పక్క గదే" అని. అబద్ధానికి ఆకలెక్కువ కదా, రోజూ ఇంత మేత వేయాల్సి వచ్చింది. ఇద్దరూ కలిసి తిన్నారు, పోట్లాడుకున్నారు, సినిమాలకు వెళ్లారు, అన్నీ ఫోనులోనే. ఆ కబుర్లు వినీ వినీ, తానూ ఇక్కడే చేరతానని చెల్లెలు చూడ్డానికి వచ్చి కూర్చుంది.

"పిలుచుకొస్తానుండు" అని బయటికొచ్చి, చదువు ముగిసే రోజుల్లో మొట్టమొదటిసారి పక్క గది తలుపు తట్టింది అక్క. మెట్ల మీద ఎదురైతే తల ఊపడమే తప్ప ఆ పిల్లతో పట్టుమని పది మాటలు మాట్లాడిందెప్పుడు?

"ఒక్క గంట నా స్నేహితురాలిగా ఉంటావా? మా చెల్లెలొచ్చింది. నీ గురించి ఇంట్లో లేనిపోనివన్నీ చెప్పాను. నా పరువు నీ చేతుల్లో ఉంది."

ఆ అమ్మాయి తెల్లబోయి చూసింది. తర్వాత జుట్టు ముడేసుకుంటూ, "పద" అంది.

వచ్చీ రాగానే మంచమెక్కి బాసింపట్టు వేసుకుని, "ఆ గడుగ్గాయివి నువ్వేనా?" అంటూ చెల్లెలి చెవి మెలిపెట్టింది.

చెల్లెలు మాత్రం తక్కువదా? "అయితే మా అక్క గురించి చెప్పు చూద్దాం!"

"చెప్పడానికేముంది? బట్టలుతుకుతూ పాడుతుంది. పల్లవి తప్ప ముక్క రాదు. తలనొప్పొస్తే తువ్వాలు బిగించుకుని ముసలమ్మలా మూలుగుతుంది. వాన పడితే చేతిలో పని వదిలేసి వరండాలో నిలబడుతుంది."

చెల్లెలు పడీ పడీ నవ్వింది. అక్క ఆ అమ్మాయి వైపు తేరిపార చూసింది. అన్నీ నిజాలే.

"మరి ఇక్కడ చేరేవాళ్లు ముందుగా తెలుసుకోవాల్సిందేంటక్కా?" అని ఆ అమ్మాయిని అడిగింది చెల్లెలు.

ఆ అమ్మాయి ముఖంలో నవ్వు తగ్గింది. "తరగతులూ పరీక్షలూ వాటంతటవే గడిచిపోతాయి తల్లీ. గది తలుపు మాత్రం తీసి ఉంచు. అవతలివాళ్లే ముందు పలకరించాలని కూర్చున్నావో, ఇక కూర్చున్నట్టే."

అక్క తల దించుకుంది.

చెల్లెల్ని బస్సెక్కించాక ఇద్దరూ గేటు దగ్గరే నిలబడిపోయారు. "నీ రుణం ఎలా తీర్చుకోను? వచ్చే వారం గదులు ఖాళీ చేసి ఎవరి దారిన వాళ్లం పోతాం. గోడకి ఆ పక్కొకరం, ఈ పక్కొకరం... ఎప్పుడో తట్టాల్సింది ఆ తలుపు" అంది అక్క.

"రుణం రేపే తీర్చేద్దువుగానిలే" అంది ఆ అమ్మాయి, కళ్లు తుడుచుకుంటూ. "రేపు మా అమ్మ వస్తోంది. నా ప్రాణస్నేహితురాలిని చూడాలట. మూడేళ్లుగా ఫోనులో ఆమెకు చెబుతున్నదంతా నీ గురించే."