పక్క సీటు

"భయపడకోయ్. నేనున్నాగా!"

క్యాన్సర్ ఆసుపత్రి వరండాలో డ్రైవింగ్ మాస్టారు భార్యకి ధైర్యం చెప్పాడు. చెప్పింది భార్యకే అయినా, వరసగా కుర్చీల్లో కూర్చున్న పదిహేనుమందికీ వినిపించింది. మాస్టారికి కావలసిందీ అదే.

ముప్పై ఏళ్లుగా పక్క సీట్లో కూర్చుని జనానికి కారు నేర్పుతున్న మనిషాయన. స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా బ్రేకు తన కాలి కిందే ఉందని ధీమా. ఇంట్లోనూ అంతే, ఆసుపత్రిలోనూ అంతే.

ఇవాళ స్కాను ఫలితం చెబుతారు. ఆర్నెల్లుగా వాడుతున్న కొత్త మాత్రకి ఊపిరితిత్తిలో గడ్డ లొంగిందో లేదో తేలిపోతుంది. లొంగకపోతే ఆ తర్వాత వాడటానికి పెద్దగా మందులు లేవని డాక్టరమ్మ ముందే చెప్పింది. మాస్టారి భార్య ఫైలుని గుండెలకి హత్తుకుని కూర్చుంది.

మాస్టారు పక్క కుర్చీలో తలకి గుడ్డ కట్టుకున్న ఆవిడ వైపు తిరిగాడు.

"మా ఆవిడ అదృష్టమంతా నా దగ్గులో ఉందమ్మా. నాకు దగ్గొచ్చి, ఛాతీలో నీరు చేరితే ఇక్కడే వారం పడుకున్నా. నాది నిమోనియా అట, తగ్గిపోయింది. తోడు వచ్చింది కదా అని దీనికీ పరీక్షలు చేశారు. జబ్బు బయటపడింది. నేను దగ్గకపోయుంటే ఈపాటికి ఏమయ్యేదో!"

"అవునండీ" అంది భార్య.

"జుట్టు ఊడలేదే?" తలగుడ్డావిడ అడిగింది, కాస్త అసూయగానే.

"అదే కొత్త సైన్సు! పాత మందులు ఒక దొంగబండి కోసం రోడ్డంతా మూసేసేవి. ఈ మాత్ర దాని నంబరు చూసి దాన్నే ఆపుతుంది."

ఆ సంగతి చెప్పింది డాక్టరమ్మే. నంబరు ప్లేటు మాత్రం మాస్టారు తగిలించాడు.

తలగుడ్డావిడ ఆయన మొహం వంక చూసింది. బుగ్గల మీదా ముక్కు మీదా, నూనూగు మీసాల కుర్రాడికి లాగా ఎర్రటి మొటిమలు.

"ఇవా? సేవ చేసీ చేసీ ఒళ్లు వేడెక్కింది. కడుపు కూడా పాడైంది. రోగి చూడండి, ఎలా నిగనిగలాడుతోందో! చేసేవాడు చిక్కి సగమయ్యాడు. తోడుండేవాళ్లు నీరసపడకూడదని నాకూ ఓ విటమిన్ మాత్ర ఇచ్చార్లెండి. పొద్దున్నే నేను ముందు వేసుకుని చూపిస్తేగానీ మా ఆవిడ తనది మింగదు."

నిజమే. ఆవిడకి అన్నీ భయాలే. రక్తం తీసే గది ముందు కాళ్లు కదలవు. స్కాను యంత్రం చూస్తే చెమటలు పడతాయి. "ముందు మీరు వెళ్లి రండి, అప్పుడు నాకు ధైర్యం వస్తుంది" అంటుంది. మాస్టారు పొంగిపోయి, చొక్కా విప్పేసి యంత్రంలో దూరతాడు. సిబ్బంది మంచివాళ్లు, కాదనరు. ఆవిడ వంతు వచ్చేసరికి ఆయన క్యాంటీన్లో కాఫీ తాగుతూ తన సాహసం వర్ణిస్తూ ఉంటాడు.

కాగితాల మీద సంతకాలు కూడా ఆయనవే. చదివి పెట్టాలంటే కళ్లజోడు కావాలి. కళ్లజోడు పెడితే వయసు తెలిసిపోతుంది.

"అందరికీ గుండె ధైర్యం ఉండదు లెండి" మాస్టారు కొనసాగించాడు. "మా అన్నయ్య ఈ జబ్బు పేరు వినగానే గోడవైపు తిరిగి పడుకున్నాడు. తిండి ముట్టలేదు, మందు ముట్టలేదు. నెల తిరక్కుండా పోయాడు. జబ్బు కాదు, ఆ పేరే చంపేసింది."

"ఇక ఊరుకోండి" అంది భార్య.

ఇంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది.

డాక్టరమ్మ తెర మీద రెండు బొమ్మలు పక్కపక్కన పెట్టింది. "ఇది ఆర్నెల్ల కిందటిది. ఇది మొన్న తీసింది. గడ్డ సగానికి పైగా తగ్గిపోయింది. కొత్తగా ఎక్కడా ఏమీ లేదు" అంది, ఆవిడ వైపే చూస్తూ.

ఆర్నెల్లలో ఒక్కసారి కూడా కంట తడి పెట్టని మనిషి, చేతుల్లో మొహం దాచుకుని భోరున ఏడ్చింది.

"పిచ్చిదానా, తగ్గిందంటే ఏడుస్తావేంటి? నేనున్నానని చెప్పలేదూ!" మాస్టారు ఆవిడ భుజం తట్టాడు. తర్వాత డాక్టరమ్మ వైపు వంగాడు. "మరి నా విటమిన్ ఆపేద్దామా అమ్మా? ఈ మొటిమలతో అద్దంలో చూసుకోలేకపోతున్నా."

"వద్దు!" ఇద్దరు ఆడవాళ్లూ ఒక్కసారే అన్నారు.

డాక్టరమ్మ సర్దుకుంది. "తోడుండేవాళ్లు గట్టిగా ఉండాలండీ. మొటిమలకి పూత మందు రాసిస్తాను."

"అదీ మాట! నేను పడిపోతే బండి ఎవరు ఆపుతారు?" మాస్టారు ఛాతీ విరుచుకుని, వరండా జనానికి శుభవార్త చెప్పడానికి బయల్దేరాడు. తలుపు మూసుకున్నా ఆయన గొంతు ఖంగుమంటూనే ఉంది. "మా ఆవిడని గట్టెక్కించేశానండీ!"

నర్సు కొత్త మాత్రల డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆవిడ కళ్లు తుడుచుకుని, డబ్బా మీద 'రోగి' అన్నచోట ఉన్న భర్త పేరుని గోటితో గీకేసి, ఆ క్యాన్సర్ మాత్రలన్నీ తన సంచిలో ఉన్న ఆయన విటమిన్ డబ్బాలో వంపింది.