పిన్నుందా?

"ఇంట్లో పిన్నుందాండీ?" అని అడిగాడు ఫోన్లో ఇంటర్నెట్ మెకానిక్.

"లేదు నాయనా, పక్క వీధిలో ఉంటుంది," అన్నాడు నాన్న.

మూడు గంటలు పోయిన కరెంటు అప్పుడే వచ్చింది. పోతూ పోతూ వైఫైని వెంటబెట్టుకు పోయింది, వచ్చేటప్పుడు మాత్రం ఒంటరిగా వచ్చింది. నాలుగింటికి అమ్మాయికి కంప్యూటర్లో ఉద్యోగం ఇంటర్వ్యూ. ఆఖరి రౌండు. తప్పితే మళ్ళీ పిలవరు. గడియారంలో మూడూ ఇరవై. రూటరు ఎర్రదీపంతో గుడ్లురుముతోంది. అమ్మాయి సెల్లు పట్టుకుని సిగ్నల్ కోసం మేడ మీద మూలమూలా తిరుగుతోంది.

"అయితే తెప్పించండి. రూటర్ వెనకాల రీసెట్ దగ్గర పది సెకన్లు నొక్కి పట్టాలి."

"నేను నొక్కితే కాదా?"

"మీ వేలు పనికిరాదండీ. పిన్నే కావాలి. సన్నగా ఉండాలి."

"సన్నమెక్కడ బాబూ, బాగా లావు!"

"లావైతే దూరదండీ."

"మా గుమ్మం పెద్దదేలే. ఆ పిన్నే కాస్త వంకర."

"వంకరుంటే మీరే సరిచెయ్యండి."

"ఇరవై ఏళ్ళుగా మా తోడల్లుడి వల్లే కాలేదయ్యా!"

లైను తెగింది.

మరదలితో మాటల్లేక రెండేళ్ళు. నాన్న పౌరుషాన్ని ఒక గుటకలో మింగి నంబరు నొక్కాడు.

"అమ్మాయ్, నేను, బావని. నీ చెయ్యి పడితేగానీ మా ఇంట్లో నెట్టు రాదట. పిల్ల బతుకు నీ చేతిలో ఉంది."

అవతల ముక్కు ఎగబీల్చిన చప్పుడు.

"పొయ్యి కట్టేసి వస్తున్నా బావగారూ."

చెప్పులైనా వేసుకోకుండా వచ్చింది. రూటరుకి వెనక కనబడ్డ ప్రతిచోటా బొటనవేలు పెట్టి నొక్కింది. నాన్న పదేసి లెక్కపెట్టాడు. వేలు ఎర్రబడింది గానీ దీపం పచ్చబడలేదు. నాలుగైంది. నాలుగూ పదైంది.

చచ్చిన సెల్లుతో అమ్మాయి మేడ దిగింది.

"పిన్నీ! నువ్వా?"

"నీకోసమేనే," అంది పిన్ని వేలు ఊదుకుంటూ.

ఫోను మోగింది. నాన్న స్పీకరు పెట్టాడు.

"పిన్నొచ్చిందాండీ?"

"వచ్చి అరగంటైంది! నొక్కీ నొక్కీ పాపం వేలు వాచింది!"

"పిన్నుకి వేలేమిటండీ? గుండుసూదండీ బాబూ, గుండుసూది! లేదంటే తల్లో పెట్టుకునే పిన్ను. వెనకాల చిన్న కన్నముంటుంది, అందులో దూర్చి నొక్కాలి!"

నాన్న అమ్మాయి వైపు చూడలేకపోయాడు. పిన్ని వైపు అసలే చూడలేకపోయాడు.

"అంటే, కావలసింది నేను కాదన్నమాట," అంది పిన్ని మెల్లగా.

కొప్పులోంచి ఒకటి లాగి రూటరు పక్కన పెట్టింది.

"ఇదిగో బావగారూ, పిన్ను. పిన్ని వెళ్ళొస్తుంది."