ఎనభై మెట్లు

"ఆ తర్వాత ఏముందో చదవండమ్మా," అన్నాడు సరంగు, పడవ ఇంజను జోరు తగ్గిస్తూ.

ఆమె ఒళ్ళో పుస్తకం ఉంది. ఈ తీరం చూడ్డానికి వచ్చేవాళ్ళు కొనుక్కునే పుస్తకమే. బడిపిల్లల పుస్తకానికి వేసినట్టు దానికి ఖాకీ కాగితంతో అట్ట వేసింది. తెరవకుండానే చెప్పింది.

"లైట్‌హౌస్ వెనక నుంచి ఎనభై రాతి మెట్లు దిగితే చిన్న ఇసుక తిన్నె వస్తుంది. సూర్యాస్తమయం అక్కడి నుంచే చూడాలి."

చదివి చదివి నోటికి వచ్చేసిందనుకున్నాడు సరంగు. తమ్ముడు కనబడక మూడు రోజులైతే ఏ అక్కకైనా అంతే మరి. లాడ్జి గదిలో బట్టలున్నాయి, ఫోను ఛార్జరు ఉంది, మనిషి లేడు. పోలీసులు కాగితం రాసుకుని "వస్తాడులెండి" అన్నారు. ఇంటి దగ్గర తల్లి ఫోను ముందు నుంచి లేవడం లేదట. ఈమె పొద్దున్నే రేవుకొచ్చి, ఇలాంటి పనికి ఎవరిని అడగాలో కనుక్కుని, తిన్నగా సరంగు పడవ ఎక్కింది.

ఇలాంటి పనికి సరంగే. తప్పిపోయినవాళ్ళని వెతకడానికి ఆ రేవులో ఇంకెవరూ రారు. అతనికి ప్రాణాలతో దొరికినవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంతమందే. ఆ సంగతి ఎక్కేవాళ్ళకి అతను చెప్పడు.

"పుస్తకంలో వరస ప్రకారం ముందు గుహలు కదా. అటు పోనా?"

"వద్దు. ముందు లైట్‌హౌస్ కిందికే పోనివ్వండి."

"అదేంటమ్మా?"

"నాకలా అనిపిస్తోంది."

తోడబుట్టిన పేగుకి తెలుస్తుంది కాబోలనుకుని సరంగు పడవ తిప్పాడు.

నోరు కట్టేసుకుని కూర్చోవడం అతనికి చేతకాదు. "మొదట్లో ఈ పుస్తకాలంటే నాకు ఒళ్ళుమంట. సముద్రానికి చదువొచ్చా, పేజీ చూసి పొంగడానికి? కానీ ఉన్నమాట చెప్పాలి, నా పనికి వీటిని మించింది లేదు. ఇదివరకు ఎవరైనా తప్పిపోతే గుడ్డెద్దు చేలో పడ్డట్టు తీరమంతా తిరిగేవాణ్ణి. ఇప్పుడైతే ఏ పుస్తకం చేత్తో పట్టుకెళ్ళారో అడుగుతాను, ఆ దారినే పోతాను. పుస్తకం కొన్నవాడు పుస్తకం దాటి పోడు."

"ఇది కొనకురా అని చెప్పాను," అందామె. "దాన్లో ఒక అబద్ధం ఉంది, నమ్ముకుని పోకు అని ఫోన్లో చెప్పాను. నవ్వుతూ చెప్పాను."

"విన్నాడా మరి?"

"వాడు నా మాట ఎప్పుడు విన్నాడు గనక."

"ఆ మెట్ల సంగతేనా, అబద్ధం? నలభై ఏళ్ళుగా ఈ నీళ్ళ మీదే బతుకుతున్నాను. లైట్‌హౌస్ వెనక ఎనభై కాదు కదా, ఒక్క మెట్టు లేదు. అంతా నిలువు కొండ."

ఆమె ఆశ్చర్యపోలేదు. "మెట్లు కనబడకపోతే వెనక్కి వచ్చేస్తారు కదా? లేని మెట్లు ఎవరు దిగుతారు?" అంది, అవుననమని బతిమాలుతున్నట్టు.

"అచ్చులో ఉన్నదాన్ని లేదనుకోరమ్మా. పొదల కింద కప్పడిపోయిందనుకుంటారు. కొమ్మలు పక్కకి తప్పించి, ఒక కాలు ముందుకేస్తారు." అనేశాక నాలుక కరుచుకున్నాడు సరంగు.

కొండ కింద రాళ్ళ మధ్య నీలం చొక్కా కనబడింది.

ఆమెను పడవలోనే ఉండమని చెప్పి, లంగరు వేసి, సరంగు నడుంలోతు నీళ్ళలో దిగాడు. మూడు రోజుల ఉప్పునీళ్ళు మనిషిని ఏం చేస్తాయో అతనికి కొత్త కాదు. టార్పాలిన్‌లో చుట్టి, నానా అవస్థా పడి పడవలోకి చేర్చాడు. ఆమె టార్పాలిన్ మీద చెయ్యి వేసి "చిన్నోడా" అంది, ఒక్కసారే. ఏడవలేదు. ఏడ్చి ఉంటే బాగుండేదనిపించింది సరంగుకి.

రాళ్ళ సందులో ఇరుక్కున్న సంచీ కూడా తెచ్చి ఆమె ముందు పెట్టాడు. లోపల పాలిథీన్ కవరులో ఒక పుస్తకం తడవకుండా ఉంది. దాన్ని చూసి ఆమె బిగుసుకుపోయింది.

"ఇది ఆ పుస్తకం కాదు. వేరే కంపెనీది."

"అంటే మీ మాట విన్నాడన్నమాట," అన్నాడు సరంగు మెల్లగా.

అందులో ఒక పేజీ మడిచి ఉంది. ఆమె చెయ్యి కదపకపోతే సరంగే అందుకుని కూడబలుక్కుంటూ చదివాడు. "లైట్‌హౌస్ వెనక నుంచి ఎనభై రాతి మెట్లు దిగితే..." అక్కడ ఆగిపోయాడు. "ఇద్దరూ ఒకే అబద్ధం ఎలా ఆడారమ్మా?"

"ఆడింది ఒకళ్ళే. రెండోవాళ్ళు ఎత్తి రాసుకున్నారు." ఆమె టార్పాలిన్ కొస సర్దింది. "ఇలాంటివి రాసేవాళ్ళు కావాలనే లేనిదొకటి పెడతారు. అది ఇంకొకళ్ళ పుస్తకంలో కనబడితే, కాపీ కొట్టినట్టు దొరికిపోతారు. ఏ పేజీలో పెట్టారో ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదు."

"దొంగకి వేసిన వలన్నమాట." సరంగు సముద్రంలోకి తుపుక్కున ఉమ్మాడు. "బంగారంలాంటి పిల్లాడమ్మా. మాట విని మరీ చచ్చిపోయాడు. ఆ వల వేసినవాడు ఒక్కసారి నా కంటబడాలి, ఈ టార్పాలిన్ విప్పి చూపిస్తాను."

ఆమె ఒళ్ళో ఉన్న తన పుస్తకానికి వేసిన ఖాకీ అట్ట విప్పి, దాన్ని వెనక్కి తిప్పి, అతని చేతికిచ్చింది.

రాసినవారి పేరు కింద ఆమె ఫొటో ఉంది.