తాలుకాయలు

పోలింగ్ మొదలై గంటయింది. ఇంతవరకు బడి గేటు దాటి ఒక్క మనిషి లోపలికి వెళ్ళలేదు.

గేటుకు ఎదురుగా, రోడ్డు మలుపులో ఉన్న తన కుట్టుమిషను బడ్డీలో కూర్చుని ఖుర్షిదా చూస్తోంది. ఎవరినీ ఆపదు, ఏమీ అనదు. కానీ ఆమె చూస్తుండగా ఆ గేటు దాటే మొహం ఊళ్ళో ఎవరికుంది?

వాగు మీద వంతెన కట్టేదాకా ఓటు వెయ్యకూడదని ఊరంతా ఒక్క మాట మీదికి వచ్చింది. పోయినేడు వానల్లో ఆమె కూతురు ఫిజాకు నొప్పులొచ్చాయి. వాగు పొంగి, ఆటో ఇవతలి ఒడ్డునే ఆగిపోయింది. బిడ్డ దక్కలేదు. ఇప్పుడు ఫిజాకు మళ్ళీ ఐదో నెల. పురుడు మళ్ళీ వానల్లోనే.

ఎన్నికలొచ్చిన ప్రతిసారీ ఎవరో ఒక నాయకుడు రావడం, వంతెనకు కొబ్బరికాయ కొట్టడం, ఫొటో దిగి పోవడం. ఆ చిప్పలన్నీ పేర్చుకున్నా ఈపాటికి వాగు దాటేవాళ్ళమని ఖుర్షిదా తిట్టుకుంటూ ఉంటుంది.

ఓటు మానేద్దామన్న మాట ముందు ఎత్తింది ఊరిపెద్ద బాపయ్య. కల్లంలో మిరప రాశి మీద చెయ్యి పెట్టి ఆయనే మొదట ప్రమాణం చేశాడు. ఆ వెనక అందరూ చేశారు. నిన్న మాత్రం పక్కింటి రెబ్కా వచ్చి, ఓటెయ్యకపోతే పింఛను తీసేస్తారట గదా అని నసిగింది. ఖుర్షిదా ఒక్క కసురు కసిరింది. రెబ్కా కొంగు సర్దుకుని వెళ్ళిపోయింది.

పొద్దుటి నుంచి జనం బడ్డీ ముందు నుంచే బడి వెనకున్న కల్లాలకు వెళ్తున్నారు. తాలుకాయలు ఏరే రోజులు. తెల్లబారిన కాయల్ని ఏరి పక్కన పెట్టకపోతే గుంటూరు యార్డులో ఎండుమిర్చికి ధర పలకదు. ఏరే ఆడవాళ్ళు వేళ్ళు మండకుండా గుడ్డపీలికలు చుట్టుకుంటారు. ఖుర్షిదా దగ్గర జాకెట్లు కత్తిరించగా మిగిలిన ముక్కలకు కొదవలేదు.

"ఖుర్షిదక్కా, ఓ పీలిక ఇయ్యి" అంటూ ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఆడా మగా అడిగినవాళ్ళందరికీ ఇచ్చింది. ఓటు మాట మరిచి పనికి పోతున్నారంటే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. చివరికి బాపయ్య కూడా వచ్చి చెయ్యి చాపాడు.

"మీకెందుకు బాబాయ్? మీరెప్పుడన్నా కాయలేరారా?"

"కూలోళ్ళు దొరకట్లేదమ్మా. మనమే ఏరుకోవాల" అన్నాడాయన ఎటో చూస్తూ.

మధ్యాహ్నం ఫిజా అన్నం తెచ్చింది. ఖాళీగా ఉన్న గేటు వైపు చాలాసేపు చూసింది.

"ఒక్క ఓటూ పడకపోతే నిజంగా కడతారా అమ్మా?"

"కలెక్టరే వస్తాడు. రాక ఎక్కడికి పోతాడు?" అంది ఖుర్షిదా. అనేసింది గానీ, కలిపిన ముద్దను మళ్ళీ గిన్నెలోనే పెట్టేసింది.

అంతలో ఎమ్మెల్యే గారి మనిషి కోటేష్ మోటారు సైకిలు మీద వచ్చి ఆగాడు. బతిమాలతాడనో బెదిరిస్తాడనో ఖుర్షిదా నాలుగు మాటలు సిద్ధం చేసుకుంది. వంతెన సంగతే కాదు, తుఫానుకు కూలిన బడి వెనక గోడను ఇన్నేళ్ళయినా లేపే దిక్కు లేదేమని కూడా అడిగి కడిగేద్దామనుకుంది. అతను ఆ అవకాశమే ఇవ్వలేదు.

"ఎండ మండిపోతోంది. ఇంటికి పోయి పడుకో అక్కా" అని నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు.

ఆ నవ్వుకు ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఊరు ఊరంతా అలిగి కూర్చుంటే వీళ్ళకు చీమ కుట్టినట్టైనా లేదు. ఇంకేం చేస్తే వింటారు ఈ మనుషులు? వాగులో దూకి చూపించాలా? బండి పోయిన వైపు చూసి ఉమ్మేసింది. అయినా కుర్చీలోంచి లేవలేదు.

సాయంత్రం పోలింగ్ ముగిసింది. ముందు గేటు దాటినవాళ్ళు ఒక్కరు లేరు. ఖుర్షిదాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఎవరు మాట తప్పినా తన ఊరు తప్పలేదు. అది చాలు.

కల్లాల నుంచి జనం తిరిగొస్తున్నారు. ఆమె లేచి ఎదురెళ్ళింది. వాళ్ళు కాళ్ళీడ్చుకుంటూ వచ్చి ఆగారు. అలిసిపోయారనుకుంది.

"మాట నిలబెట్టారు బాబాయ్. రేపు ఫిజా బిడ్డ మీ పేరు చెప్పుకుని బతుకుద్ది" అంది బాపయ్యతో.

బాపయ్య తల దించుకున్నాడు. ఆయన ఎడమచేతి చూపుడు వేలికి పొద్దున తానిచ్చిన పీలిక ఇంకా అలాగే ఉంది. పాపం, అలవాటు లేని పని, వేలు బొబ్బలెక్కి ఉంటుంది. ఖుర్షిదా గబగబా బడ్డీలోకి వెళ్ళి కొబ్బరినూనె సీసా తెచ్చింది.

"వద్దమ్మా" అంటూ ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఊరుకోండి బాబాయ్, కూతురి దగ్గర మొహమాటమేంటి?" అని ఆ చెయ్యి పట్టుకుని ముడి విప్పింది.

బొబ్బ లేదు, ఎర్రదనం లేదు, గోరు మీదుగా నల్లటి సిరా గీత ఒకటి నిగనిగలాడుతోంది, చుట్టూ నిలబడ్డ ఊరంతా పీలికలు చుట్టిన ఎడమచేతుల్ని మెల్లగా వెనక్కి దాచుకుంటోంది.