ఇత్తడి టెర్మినల్

మిలిటరీ వేలంలో కొన్న పాత ఆరు చక్రాల బండి నాచారంలో హన్మయ్య బ్యాటరీల దుకాణం ముందు ఆగింది. ఆగినాక మళ్లీ స్టార్ట్ కాలేదు.

డ్రైవర్ పవన్‌కుమార్ తాళం తిప్పాడు. టక్కుమంది. మళ్లీ తిప్పాడు. ఈసారి ఆ టక్కు కూడా లేదు.

దిగి, బండికి ఆనుకుని నిలబడ్డాడు. ఎదురుగానే హన్మయ్య సరుకు సంచుల మధ్య కుర్చీ వేసుకుని చాయ్ తాగుతున్నాడు. పక్కన ఆయన భార్య సత్తమ్మ. అయినా పవన్‌కుమార్‌కు అడగడానికి నోరు రాలేదు.

"అన్నా," అన్నాడు చివరికి. "నిన్ను అడగొద్దు గని... జర చూస్తవా?"

"ఆగక ఆగక ఈడనే ఆగిందా నీ బండి?" అంది సత్తమ్మ. "మల్లాపూర్ల మెకానిక్‌లు లేరా?"

"ఆడికి పోవాలన్నా బండి కదలాలె గద వదినె."

హన్మయ్యకు నవ్వొచ్చింది. సత్తమ్మకు రాలేదు.

"పొద్దుగాల ఉప్పల్ల గిట్లనే ఆగింది. లారీతోని గుంజి స్టార్ట్ చేసినం. మల్ల ఆగితే రేపటి సంది రావద్దన్నడు కాంట్రాక్టర్. ఇప్పుడే వస్తుండు. మొన్ననే జవహర్‌నగర్ల పిల్లలను బడిల ఏసిన అన్నా."

హన్మయ్య గ్లాసు కింద పెట్టి లేచాడు. సత్తమ్మ చొక్కా పట్టి లాగింది.

"నీకేం పట్టింది? కూసో."

"నేను కాదంటే ఇంకొకడు చేస్తడు. జరంత ఆలస్యమైతది, అంతే గద. ఆ బేరం వాడికెందుకు పోవాలె?"

లెక్క సరిగానే ఉంది. సత్తమ్మ చొక్కా వదిలేసింది.

హన్మయ్య బ్యాటరీ పెట్టె మూత తీశాడు. రెండు బ్యాటరీలు కలిస్తేనే స్టార్ట్ అయ్యే బండి. టెర్మినళ్ల చుట్టూ తెల్లటి పొడి పేరుకుంది. ఒక వైరు కొసను బైండింగు తీగతో చుట్టి ఉంది.

"ఎవడు కట్టిండు?"

"నేనే."

"బర్రెను కట్టేసినట్టు కట్టినవ్."

సంచిలోంచి మూడు రకాల టెర్మినళ్లు తీసి బంపర్ మీద పెట్టాడు. రేకుది ఒక వానాకాలం నిలుస్తుంది. సీసంది మెత్తన, ఈ బండి అదురుకు తొందరగా వదులవుతుంది. రెండు బోల్టుల ఇత్తడిది మాత్రం, బండి తుక్కులోకి పోయినా మిగులుతుంది.

"రేకుది ఏయన్నా. ఈ ఒక్కరోజు నడిస్తే సాలు."

"ఒక్కరోజు సరుకు నా దగ్గర లేదు."

పాత కొసలు కోసి పారేశాడు. వైర్ల కొసలకు లగ్గులనే రాగి తొడుగులు వేసి, చేతి ప్రెస్సుతో నొక్కాడు. తాను లాగి చూశాడు. పవన్‌కుమార్‌తోనూ లాగించాడు. ఊడలేదు.

తర్వాత బండి కిందికి దూరాడు. ఎర్తు వైరు ఛాసిస్‌కు బిగించిన చోట ఆకుపచ్చ రంగు మందంగా ఉంది. ఎవరో రంగు వేసి, దాని మీదే బోల్టు బిగించారు.

"రోగం ఈడుంది. రంగుల నుంచి కరెంటు పోతదా?"

"గ్రైండర్ పెడితే జల్ది అయితది గదన్నా."

"కరెంటు ఏడిది?"

పవన్‌కుమార్ నాలుక కరుచుకున్నాడు.

హన్మయ్య ఆకురాయితోనే గీకాడు, ఇనుము మెరిసేదాకా. ఎండ సంచుల మీదికి వచ్చింది. సత్తమ్మ ఒక్కో సంచినీ నీడలోకి జరుపుతోంది. పవన్‌కుమార్ సాయానికి వెళ్లబోయాడు. ఆమె చూసిన చూపుకు ఉన్నచోటే ఆగిపోయాడు.

ఇత్తడి టెర్మినళ్లు పెట్టి, ఎర్తు అన్నిటికన్నా చివర బిగించి, టెర్మినళ్ల మీద వాజిలిన్ పూశాడు హన్మయ్య.

"తిప్పు."

బండి ఒక్క దెబ్బకు లేచింది. ఆపించి మళ్లీ తిప్పించాడు. మళ్లీ లేచింది.

హన్మయ్య ఒక్క రూపాయి తగ్గించలేదు. ఇచ్చిన డబ్బు కళ్లకద్దుకున్నాడు. "ఇయ్యాల బోణీ నీదే."

"బోణీ అట," అని సత్తమ్మ మొహం తిప్పుకుంది.

"అయిదేండ్లు గ్యారంటీ," అన్నాడు హన్మయ్య, అలవాటు కొద్దీ. "ఏమన్న అయితే సీదా ఈడికే..."

మాట మధ్యలో ఆగిపోయింది.

"నా ఫోన్ నంబర్ రాసుకో," అన్నాడు.

పవన్‌కుమార్ రాసుకున్నాడు. తల మాత్రం ఎత్తలేదు.

అంతలో కాంట్రాక్టర్ వచ్చి కారు దిగాడు. ఇంజన్ చప్పుడు విని, కానియ్యమన్నట్టు చెయ్యి ఊపాడు.

పవన్‌కుమార్ బండిని వెనక్కి తెచ్చి, దాని వెనకున్న ఇనుప గొలుసు కొక్కేన్ని, రోడ్డు వెడల్పు కోసం ఆ వరసలో మొదట కూల్చాల్సిన హన్మయ్య దుకాణం షట్టరుకు తగిలించాడు.