మేరీ షాపు ముందే

"దొరికినవ్!"

బస్సు పూర్తిగా ఆగకముందే దిగింది శివలీల. చేతిలో బట్టల సంచి. ఎదురుగా మొగుడి స్కూటరు.

మొయినాబాద్ బస్టాండును ఆనుకుని, 'మేరీ కంప్యూటర్స్' అని బోర్డున్న షాపు ముందు ఆగి ఉందది. పక్కనే మహేశ్వర్ నీళ్లు తాగుతున్నాడు. ఆ గ్లాసు ఇచ్చిన మేరీ గుమ్మంలో నిలబడి ఉంది.

"నువ్వెందుకొచ్చినవ్?" గుటక మింగడం మరిచిపోయాడు మహేశ్వర్.

"చూద్దామని వచ్చిన. రోజూ బండి ఆగుతది, బండి ఆగుతది అంటవు గద. చేవెళ్ల నుంచి ఇన్ని ఊర్లు దాటి, ఈమె షాపు ముందటనే ఎందుకు ఆగుతదో చూద్దామని!"

మాదాపూర్‌లో అద్దాల బిల్డింగులు లేస్తున్న రోజులవి. చేవెళ్లలో పుట్టి పెరిగిన మహేశ్వర్‌కు అక్కడో కంపెనీలో కంప్యూటర్ ఆపరేటర్ ఉద్యోగం దొరికింది. పొద్దున ఏడింటికి స్కూటరెక్కితే మొయినాబాద్, గండిపేట మీదుగా తొమ్మిదికల్లా సీట్లో ఉండాలి.

మేరీ పేరు ఇంట్లో మొదటిసారి వినిపించి మూడు నెలలైంది. "మొయినాబాద్‌ల ఒకామె కంప్యూటర్ నేర్పుతున్నది. నాకు రాని సంగతులు కూడ ఆమెకు తెలుసు," అన్నాడు మహేశ్వర్ అన్నం తింటూ. ఏదో మాటవరసకు అన్నాడు. శివలీలకు మాత్రం ముద్ద దిగలేదు. పదో తరగతితో చదువు ఆగిపోయిన మనిషి. మౌసు అంటే ఏమిటో కూడా తెలియదు. తెలిసినామె దారిలోనే ఉంది, రోజూ మొగుడు పోయే దారిలో.

ఆ మరుసటి వారం నుంచే స్కూటరు ఆగడం మొదలైంది.

చేవెళ్లలో మెకానిక్ ఎల్లేశ్ మూడుసార్లు కార్బురేటర్ విప్పాడు. జెట్టు ఊదాడు. ప్లగ్గు మార్చాడు. ఊళ్లో రెండు చక్కర్లు కొడితే బండి బ్రహ్మాండంగా నడిచేది. మర్నాడు మళ్లీ మొయినాబాద్‌లో ఆగేది. పావుగంట నిలబెడితే దానంతట అదే స్టార్టయ్యేది.

బండికి ఏ రోగమూ లేదని, రోగమంతా మొగుడికేనని తేల్చుకుంది శివలీల. అందుకే ఈ రోజు సంచి సర్దుకుని వెనక బస్సెక్కింది. బండి ఇవాళ కూడా ఆ షాపు ముందే కనిపిస్తే నేరుగా శంకర్‌పల్లిలో తల్లిగారింటికే. మళ్లీ చేవెళ్ల గడప తొక్కనని ఒట్టు కూడా పెట్టుకుంది.

కనిపించింది.

"అక్క, ఎండకు నిలబడ్డవు. జర లోపలికి రా," అంది మేరీ.

"నీ షాపుల నాకేం పని? ఆయననే కూసోబెట్టుకో. టికుటికుమని నొక్కుడు నేర్పు."

జనం మూగారు. "బండి కూడ కంప్యూటర్ నేర్సుకుంటదేమో అన్న, రోజూ క్లాసుకు వస్తున్నది," అన్నాడొకడు. అందరూ నవ్వారు. శివలీల కళ్లలో నీళ్లు తిరిగాయి.

ఎదుటి వరసలో మెకానిక్ షాపున్న సంగయ్య చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"లొల్లి ఎన్కసిరి పెట్టుకోండ్రి. ముందుగాల బండి సంగతి చూద్దాం."

కార్బురేటర్‌కు వెళ్లే పెట్రోలు పైపు ఊడదీశాడు. చుక్క రాలేదు. సీటెత్తి ట్యాంకు మూత తిప్పాడు. బుస్సుమంది. మరుక్షణం పైపులోంచి పెట్రోలు ధారగా దిగింది.

సంగయ్య నవ్వాడు. "కార్బురేటర్‌కు ఏం కాలే. దానికి పెట్రోలే అందుతలేదు. మూతకు సన్న బొక్క ఉంటది. అండ్లకెళ్లి లోపలికి గాలి పోతెనే పెట్రోల్ కిందికి దిగుతది. అది మూసుకపోయింది. పొద్దుగాల ఈ మూత తీస్తవా?"

"రోజూ తీస్తనన్న. చేవెళ్ల బంకుల లీటర్ పోయించుకుంట."

"ఆ గాలి గీడి దాక వస్తది. అయిపోంగనే బండి ఆగుతది. పావుగంట నిలబెడితే సన్నగ గాలి పోయి మల్ల నడుస్తది. ఊర్లె రెండు చక్కర్లు కొడితే మెకానిక్‌కు ఏం తెలుస్తది?"

"గండిపేట అవతల ఇంకోసారి ఆగుతదన్నా!" మహేశ్వర్‌కు ప్రాణం లేచొచ్చింది. "చెప్తే నమ్మదు. ఆడ బండరాళ్లు తప్ప మనిషన్నోడు ఉండడు!"

శివలీల మెత్తబడింది. ఒక్క క్షణమే. "అదంతట అదే మూసుకపోయిందా? ఎవరన్న మూసిన్రా?"

సంగయ్య సన్నటి తీగతో ఆ బొక్కను పొడిచాడు. గట్టిపడ్డ ముద్ద ఒకటి రాలింది. దాన్ని వేళ్లతో నలిపి చూశాడు. ముఖం మారింది.

"దుమ్ము గాదు. చేత్తోని అద్దిన్రు. పైన తుడిచేసిన్రు గని, బొక్కలకు పోయింది పోయినట్టే ఉన్నది."

అందరి చూపులూ మేరీ మీదికి మళ్లాయి.

"ప్రభువు తోడు, నేను ఆ బండిని ముట్టనే లేదు!" మేరీ గుమ్మం దిగి వచ్చింది.

"విన్నరా? విన్నరా?" శివలీల జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది. "బండిని ఆపిచ్చుకునేది ఎవరికి అవసరమో మీరే చెప్పుండ్రి!"

"ఇగో, నువ్వే చూడు బిడ్డ," అంటూ సంగయ్య ఆ ముద్దను ఆమె అరచేతిలో వేశాడు.

శివలీల చూసింది. గబుక్కున గుప్పిట మూసేసింది.

"చెప్పు," అన్నాడు మహేశ్వర్ ఆమె గుప్పిట వైపు చూస్తూ. "మూడు నెలల సంది నన్ను రోడ్డు మీద నిలబెట్టినోళ్లు ఎవరో ఈ మంది ముందటనే తేలాలె. ఎవరి పని ఇది? పేరు పెట్టి చెప్పు!"

"నాదే," అంది శివలీల తలెత్తకుండా, "నీ బండి ఈమె షాపు ముందట ఆగొద్దని, శుక్రవారం శుక్రవారం ఆ మూతకు మంత్రించిన పసుపు పెట్టింది నేనే."