మూత తీసి చూసిన మనిషి

షాపు తాళాలు మరిచిపోయి వెనక్కి వచ్చిన కూతురు గేటు దగ్గరే ఆగిపోయింది.

మెట్ల మీద తండ్రి కూర్చుని ఉన్నాడు. పక్కనే ఆకుపచ్చ కోటులో చెత్తబండి మనిషి. ఆ మనిషి చెయ్యి నాన్న పళ్లెంలో ఉంది.

"బాగుంది వరస," అంది ఆమె.

ఆ మనిషి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నగరంలో తడిచెత్త పథకం పెట్టి ఏడాది దాటింది. ఇంటికో ఆకుపచ్చ డబ్బా ఇచ్చారు. తొక్కలు, ఎండుటాకులు, మిగిలిన తిండి అందులో వేసి గేటు బయట పెట్టాలి. కవర్లో మూటగట్టి వేస్తే ఒప్పుకోరు. బండి మనిషి మూత తీసి, చూసి మరీ తీసుకెళతాడు. అదంతా ఎరువవుతుందట.

వీధి వీధంతా సణిగింది. మనమేం తిన్నామో వీళ్లకెందుకని.

ఈ ఇంట్లో మాత్రం పేచీ లేదు. భార్య పోయినప్పట్నుంచి మాటా పలుకూ తగ్గించేసిన తండ్రి, "ఆ డబ్బా సంగతి నాకొదిలెయ్," అన్నాడు. ఏదో ఒక వ్యాపకం దొరికిందని కూతురు సంతోషించింది. "మా నాన్న చెత్త శాఖా మంత్రి," అని షాపులో అందరికీ చెప్పుకుంది.

ఆమెకో చిన్న మందుల షాపుంది. పొద్దున్నే వండి, పళ్లెంలో పెట్టి, మూత వేసి వెళ్లిపోతుంది. తిరిగొచ్చేసరికి పళ్లెం కడిగి బోర్లించి ఉంటుంది. కడిగిన పళ్లెం చూస్తే ఎవరైనా తిన్నారనే అనుకుంటారు కదా.

మొదట్లో నాన్న చిక్కి సగమయ్యాడు. ఈమధ్యే బుగ్గలు కాస్త నిండాయి. తను పట్టించిన టానిక్ మహిమేనని ఆమె మురిసిపోయింది. మందులమ్మేవాళ్లకి ఆపాటి నమ్మకం లేకపోతే ఎలా?

అలాంటి నాన్న పళ్లెంలో ఇప్పుడు ఎవరిదో చెయ్యి.

"చూడండి, ఆకలైతే నన్నడగండి. వేరే పెడతాను. పెద్దాయన నోటికాడి కూడు లాక్కోవడం ఏం పద్ధతి?"

తండ్రి వైపు చూశాడాయన. తండ్రి తల దించుకున్నాడు.

"తప్పేనమ్మా," అన్నాడు బండి మనిషి. తన టిఫిన్ డబ్బాకి మూత పెట్టుకుని లేచాడు.

"బండి ఎక్కడో వదిలేసి ఇళ్ల ముందు కూర్చోమన్నారా మీ ఆఫీసులో? ఫోన్ చేసి కనుక్కోనా?"

"అంత అక్కర్లేదమ్మా. ఇంక రాను."

చప్పుడు కాకుండా గేటు వేసి వెళ్లిపోయాడు. అన్నట్టే మళ్లీ రాలేదు.

ఆ తర్వాత టానిక్ పనిచెయ్యడం మానేసింది.

తండ్రి చొక్కా భుజాల మీంచి జారడం మొదలైంది. ఆమె సీసా మార్చింది. అంతకంటే ఖరీదైంది తెచ్చింది. పళ్లెం మాత్రం ఎప్పటిలాగే కడిగి బోర్లించి ఉండేది.

ఓ రోజు పొద్దున ఆయన మంచం దిగలేకపోయాడు. కళ్లు తిరుగుతున్నాయన్నాడు. డబ్బా గేటు బయట పెడదామని ఆమే ఎత్తింది. బరువుగా ఉంది. మూత తీసింది.

నిన్న తను వండి పెట్టినదంతా పెట్టింది పెట్టినట్టే ఉంది.

"ఏంటి నాన్నా ఇది?"

తండ్రి చిన్నపిల్లాడిలా గోడవైపు తిరిగాడు.

"ముద్ద దిగట్లేదమ్మా. ఇదివరకు కవర్లో కట్టి పారేసేవాణ్ణి. ఈ డబ్బా వచ్చాక దాచడానికి లేకపోయింది. ఆయన మూత తీసి చూశాడు. 'రోజూ ఇంతేనా పెద్దాయనా?' అన్నాడు. మా అమ్మాయికి చెప్పకు, బెంగపెట్టుకుంటుంది అన్నాను."

"చెప్పలేదు," అంది ఆమె.

"చెప్పలేదు. మర్నాడు తన టిఫిన్ డబ్బా తెచ్చుకుని పక్కన కూర్చున్నాడు. మీరు తింటేనే నేనూ తింటానని మొండికేశాడు. వద్దన్నా వినకుండా తన కూర నాకు వేసేవాడు. అచ్చం మీ అమ్మలాగే."

ఆ రోజు తను చూసింది వడ్డిస్తున్న చెయ్యి. తనన్న మాటలు తలుచుకునేసరికి ఆమెకి సిగ్గూ ఏడుపూ కలిసి వచ్చాయి.

ఇక షాపు తియ్యలేదు. తనూ ఓ పళ్లెం పెట్టుకుని మంచం మీద తండ్రి పక్కనే కూర్చుంది. బతిమాలితే ఆయన కాసిని ముద్దలు తిన్నాడు.

కాసేపటికి బండి వచ్చిన చప్పుడైంది. ఆమె పరుగున గేటు దగ్గరికి వెళ్లింది. బండి దగ్గర ఆకుపచ్చ కోటులో ఎవరో ఒకావిడ ఉంది.

"అక్కా, పొద్దున్నే ఇక్కడికొచ్చే పెద్దాయన ఏ వీధిలో ఉన్నారిప్పుడు? ఆయన్ని నోటికొచ్చినట్టు అన్నాను. మళ్లీ ఈ వీధికే వెయ్యమని మీ ఆఫీసుకొచ్చి అడుగుతాను."

"ఆయన గది ఖాళీ చేసి తమ్ముడి దగ్గరికి వెళ్లిపోయాడమ్మా. ఎక్కడన్నది మాకూ తెలీదు. ఇక్కడింక నాకేం పనుందన్నాడు."

"అయ్యో, నా మూలంగా ఉద్యోగం మానేశారా?"

ఆవిడ డబ్బా ఎత్తబోయి ఆగింది.

"ఉద్యోగమెక్కడిది? ఆయన రిటైరయ్యాకే కదా నేనీ బండెక్కింది. ఆ సంగతి తెలిస్తే మీ నాన్నగారు మొహమాటపడి రావద్దంటారని, బండి వెనకాల వస్తోందని చెబుతూ, ఇన్నాళ్లూ పొద్దున్నే రెండు బస్సులు మారి డ్యూటీకొచ్చినట్టే వచ్చేవాడు."